నిందంతా ప్రకృతి మీదేనా?

మళ్లీ అదే మాట. ఎక్కడ అడవి తగలబడినా, ఎన్ని ఊళ్లు బూడిదైనా, మైకు ముందుకొచ్చిన పెద్దమనిషి నోట ముందుగా వచ్చేది ‘ప్రకృతి వైపరీత్యం’. ఆ రెండు ముక్కలతో లెక్క తేలిపోతుంది. వైపరీత్యానికి బాధ్యులుండరు కదా! ఏరియల్ సర్వే, పరిహారం ప్రకటన, ఓ విచారణ కమిటీ... నాలుగు వానలు పడగానే ఫైలు అటకెక్కుతుంది. ఈ మాట వాడకం మీదే మా అభ్యంతరం.

కార్చిచ్చుకు ఎండ, గాలి, కరువు తోడవుతున్నాయి, నిజమే. భూతాపం పెరిగి చాలాచోట్ల అడవి మునుపటికన్నా ముందే ఎండిపోతోంది. 2023లో కెనడాలో సుమారు కోటిన్నర హెక్టార్లు కాలిపోతే, అందులో అత్యధిక భాగం పిడుగులు రాజేసిన మంటలకే ఆహుతైంది. ఆ పొగ దక్షిణాదికి సాగి న్యూయార్క్ ఆకాశాన్ని పట్టపగలే నారింజ రంగుకు తిప్పేసింది. ఇవేవీ కాదనం. పిడుగు పేరు చెప్పి మిగతావాళ్లంతా తప్పుకోవడాన్ని మాత్రం ఒప్పుకోం.

2018 నవంబర్ 8న కాలిఫోర్నియాలోని పారడైజ్ పట్టణాన్ని మింగేసిన మంట ఎక్కడ పుట్టిందో చూడండి. కరెంటు టవర్ మీద తీగ బరువును మోసే ఒక ఇనుప కొక్కెం. దాదాపు వందేళ్ల నాటిది. గాలికి ఊగి ఊగి, అరిగి అరిగి, ఆ తెల్లవారుజామున విరిగింది. తీగ టవర్‌కు తగిలింది, నిప్పురవ్వలు కింది ఎండుగడ్డిలో పడ్డాయి. 85 మంది చనిపోయారు. ఆ లైను నడిపే పీజీ అండ్ ఈ కంపెనీ 84 మరణాలకు 2020లో కోర్టులో నేరం ఒప్పుకుంది. అరిగిన కొక్కేన్ని మార్చొద్దని ప్రకృతి చెప్పిందా?

హవాయిలోని లహైనాలోనూ అంతే. చెరకు తోటలు మూతపడ్డాక ఆ భూముల్లో పరాయి గడ్డి ఏపుగా పెరిగింది, కోసే నాథుడు లేడు. 2023 ఆగస్టు 8 ఉదయం, తెగిపడిన తీగల్లోకి మళ్లీ కరెంటు వదలడంతో గడ్డి అంటుకుంది. ఆరిపోయిందనుకుని సిబ్బంది వెనుదిరిగారు. మధ్యాహ్నం రాజుకున్నది ఆ మిగులు నిప్పేనని దర్యాప్తులో తేలింది. ఊరంతా వినపడాల్సిన సైరన్లు మోగనే లేదు. వంద మందికి పైగా బలయ్యారు. ఇండొనేసియాలో కుళ్లిన మొక్కల పొరలతో నిండిన, ఎండితే మండే ‘పీట్’ బురద నేలల్లో కాలువలు తవ్వి, నీళ్లు తోడేసి, తోటలు వేశారు. 2015లో ఆ నేల నెలల తరబడి రగిలి సింగపూర్, మలేసియాలను పొగలో ముంచింది. కరువు తెచ్చే ఎల్‌నినో వచ్చి ఆ కాలువలు తవ్వలేదు.

అతితెలివి చేసిన చేటు ఇంకొకటి ఉంది. మంట ఎక్కడ కనిపించినా మర్నాడు పొద్దున 10 గంటలకల్లా ఆర్పేయాలని 1935లో అమెరికా అటవీ శాఖ నియమం పెట్టుకుంది. వినడానికి భేషుగ్గా ఉంది. చిన్నాచితకా మంటల్లో ఎప్పటికప్పుడు కాలిపోవాల్సిన ఆకులు, పుల్లలు, పొదలు దశాబ్దాల పాటు అలాగే పేరుకున్నాయి. ఇప్పుడు నేలబారు మంట ఆ పొదలనే నిచ్చెన చేసుకుని చెట్ల తలలకెక్కుతోంది. అక్కడికెక్కాక విమానాలు చల్లే నీళ్లు ఏ మూలకు? అదను చూసి చిన్న మంటలు పెట్టి అడవిని సాకిన అక్కడి ఆదివాసులనూ, ఆస్ట్రేలియా మూలవాసులనూ ఒకప్పుడు తప్పు చేస్తున్నారంటూ ఆపించారు. ఇవాళ అదే పనికి ‘నియంత్రిత దహనం’ అని పేరు తగిలించి శిక్షణ ఇస్తున్నారు.

డబ్బు సంగతి చూస్తే ప్రభుత్వాల చిత్తశుద్ధి ఇంకా బాగా తెలుస్తుంది. కార్చిచ్చుల మీద పెట్టే ఖర్చులో సగానికి పైగా ఆర్పడానికే పోతోందని, ప్రణాళికకూ నివారణకూ దక్కేది 1 శాతం కూడా లేదని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2022లోనే తేల్చింది. ఆర్పడానికి మూడో వంతు చాలు, మిగతాది ముందు జాగ్రత్తకూ పునరుద్ధరణకూ పెట్టండని మొత్తుకుంది. వింటేగా! హెలికాప్టర్ టీవీలో కనిపిస్తుంది. మంటల కాలానికి ముందే ఎండుటాకులు ఊడ్చి, గడ్డి చెక్కి, మంట దాటకుండా ఖాళీ పట్టీలా ‘ఫైర్ లైన్’ తీసే కూలీ ఏ ఛానెల్‌లోనూ కనిపించడు.

మన దేశంలోనూ తీరు వేరుగా లేదు. 2024 మే నెలలో, ఉత్తరాఖండ్ అడవులు మండుతుంటే అటవీ సిబ్బందిని ఎన్నికల డ్యూటీకి ఎలా పంపారని సుప్రీంకోర్టే అడగాల్సి వచ్చింది. మరుసటి నెలలోనే ఆ రాష్ట్రంలోని బిన్సర్ అభయారణ్యంలో మంటలార్పబోయిన నలుగురు సిబ్బంది సజీవ దహనమయ్యారు. ఎన్నికల డ్యూటీ వేసింది కూడా ప్రకృతేనా?

కొండ మీద చెట్టు కాలితే కథ అక్కడితో అయిపోదు. వేరు పట్టు వదిలిన మట్టి తొలి వానకే కొట్టుకొచ్చి వాగుల్నీ చెరువుల్నీ పూడుస్తుంది. పొగలోని సన్నటి పీఎం 2.5 నుసి, మంట మొహం చూడని నగరాల్లోని పిల్లల ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అప్పుడు మళ్లీ ప్రెస్‌మీట్, మళ్లీ అదే మాట.

అయ్యా, ఈసారి మైకు పట్టుకునే ముందు మూడు లెక్కలు చేతిలో పెట్టుకుని రండి. వేసవికి ముందు ఎన్ని కిలోమీటర్ల ఫైర్ లైన్లు తీయించారు? అడవి మీదుగా పోయే కరెంటు లైన్లను ఆఖరిసారి ఎవరు, ఎప్పుడు తనిఖీ చేశారు? కిందటేడు మంటలార్పిన కూలీలకు బకాయిలు తీర్చారా? ఈ మూడింటికీ జవాబు లేకపోతే ‘ప్రకృతి వైపరీత్యం’ అనే అర్హత మీకు లేదు.