గోడకు గుల్లలు పట్టగానే దిబ్బ అయిపోతుందా?

“సముద్రంలో ఏది వేసినా జీవం అల్లుకుంటుంది. రాళ్లు, టైర్లు, పాత ఓడలు ఏవైనా సరే, కొన్నేళ్లకు పగడపు దిబ్బలవుతాయి. కాబట్టి తీరం పొడవునా గోడ కట్టినా జలచరాలకు మేలే.” మునిగిన ఓడ చుట్టూ చేపలు తిరిగే వీడియోతో పాటు ఈ మాటలు ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. నాకు మూడు గ్రూపుల నుంచి వచ్చాయి. మొదటి వాక్యం చాలావరకు నిజమే. పేచీ అంతా తక్కిన వాటితోనే.

“ఏది వేసినా అల్లుకుంటుంది.” అవును. మునిగిన కొన్ని గంటల్లోనే బ్యాక్టీరియా పల్చటి జిగురు పొర కడుతుంది, దాని మీద సూక్ష్మమైన నాచు చేరుతుంది. ఆ తరువాత వచ్చే బార్నకిల్ (రాళ్లకు, పడవలకు అతుక్కుని బతికే గుల్ల జీవి) పిల్లను చూడాలి. ఆవగింజంత కూడా ఉండదు. మీసాలతో ఉపరితలాన్ని తడుముకుంటూ నడుస్తుంది. నచ్చకపోతే వదిలేసి ఈదుకుంటూ పోతుంది. నచ్చిందా, తల కిందికి పెట్టి జిగురుతో అతుక్కుని, చుట్టూ సున్నపు పలకలు కట్టుకుంటుంది. ఇక జన్మంతా అక్కడే. కాళ్లతో నీటిని తోడుతూ తిండిని నోట్లోకి లాక్కుంటుంది. ఇంత చిన్న ప్రాణి కూడా స్థలం చూసుకునే దిగుతుంది. ఏదైనా ఒకటేనని అనుకుంటున్నది మనమే.

“టైర్లయినా సరే.” ఈ ప్రయోగం జరిగిపోయింది. 1970లలో అమెరికాలోని ఫ్లోరిడాలో, ఫోర్ట్ లాడర్‌డేల్ తీరానికి దూరంగా దాదాపు 20 లక్షల పాత టైర్లను కట్టలు కట్టి సముద్రంలో దించారు. కట్టిన నైలాను పట్టీలు తెగాయి, ఉక్కు క్లిప్పులు తుప్పుపట్టాయి. నిలకడగా ఉండని రబ్బరు మీద పగడాలు సరిగ్గా పెరగనేలేదు. పైగా తుపాను వచ్చినప్పుడల్లా విడిపోయిన టైర్లు దొర్లుకుంటూ వెళ్లి, పక్కనే ఉన్న అసలైన పగడపు దిబ్బలను ఒరుసుకుని నాశనం చేశాయి. చివరికి 2007 నుంచి సైనిక గజ ఈతగాళ్లను దించి ఒక్కొక్కటిగా పైకి తీయించాల్సి వచ్చింది. దిబ్బ పేరుతో చెత్త పారబోసుకున్నారని నా అభిప్రాయం.

ఓడల మాటకొస్తే, విశాఖ రేవు ముఖద్వారం దగ్గర 1930లలో రెండు పాత ఓడలను ముంచిన మాట నిజమే. అలలనూ ఇసుకనూ ఆపడానికి, చేపల కోసం కాదు.

“గోడా రాయే కదా.” కాదు. విశాఖలో ఆటుపోట్ల తేడా రెండు మీటర్లు కూడా ఉండదు. వాలుగా ఉన్న రాతి తీరంలో ఆ తేడాకే ఎన్నో మీటర్ల వెడల్పున తడిసి ఆరే నేల దొరుకుతుంది. అందులో గుంటలు, పగుళ్లు, నీడ. ఆటు సమయంలో నత్తలు, పీతలు ఆ గుంటల్లోని నీళ్లలోనే తలదాచుకుంటాయి. నిలువు గోడ మీద నిలబడేందుకు చోటేదీ? సిడ్నీ హార్బర్ తీరంలో సగానికి పైగా ఇలాంటి కట్టడాలే. అందుకే 2018 నుంచి అక్కడ గుంటలు, గాడులు ఉన్న కాంక్రీటు పలకలను గోడలకు బిగిస్తున్నారు. మామూలు గోడే చాలితే ఆ శ్రమ ఎందుకు?

“జీవం వస్తే మేలే.” ఎవరు వచ్చారన్నది అడగరేం? నల్ల చారల మస్సెల్ అనే చిన్న ఆల్చిప్ప సొంత ఊరు మధ్య అమెరికా, కరీబియన్ ప్రాంతం. మన దేశంలో దాన్ని తొలిసారి గుర్తించింది 1967లో, మన విశాఖ నౌకాశ్రయంలోనే. రేవుల్లోని గోడలు, స్తంభాలు, పడవల అడుగులు దానికి సిద్ధంగా పరిచిన పీటలు. గుత్తులు గుత్తులుగా కమ్మేసి స్థానిక జీవులకు చోటు లేకుండా చేస్తుంది. 1999లో ఇదే ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో పడవలు నిలిపే మెరీనాల్లో కనిపిస్తే, వాటిని మూసేసి క్లోరిన్, కాపర్ సల్ఫేట్ పోశారు. దానితో పాటు అందులోని తక్కిన ప్రాణులూ చచ్చిపోయాయి.

“పట్టిన గుల్లలే గోడను కాపాడతాయి” అని కింద ఎవరో తగిలించారు. ఇందులో కొంత నిజముంది. దట్టంగా పట్టిన బార్నకిల్స్, ఆల్చిప్పలు ఎండ వేడి తగలకుండా రాతిని కొంత కాస్తాయి. కానీ చెక్క సంగతి వేరు. 1731లో నెదర్లాండ్స్‌లో సముద్రపు కట్టలకు ఆసరాగా పాతిన దుంగలను ఓడపురుగు తొలిచి డొల్ల చేసేసిందని బయటపడింది. పురుగని పేరే గాని అదీ ఆల్చిప్పల జాతే. డచ్చివాళ్లు కట్టలకు చెక్క మానేసి, దూరదేశాల నుంచి రాళ్లు తెప్పించుకోవాల్సి వచ్చింది.

ఇక అసలు దాటవేత. గోడ రాకముందు అక్కడేముందో ఆ సందేశంలో ఒక్క మాటా లేదు. మన తీరంలో చాలా చోట్ల ఉన్నది ఇసుక. ఇసుకలో బొరియ తవ్వుకునే పీతకు, దానిలోనే కూరుకుని బతికే గవ్వకు బండరాయి ఇల్లు కాదు. పైగా సముద్రంలోకి అడ్డుకట్ట వేస్తే, అలలతో పాటు తీరం వెంబడి సాగే ఇసుక నడక ఆగిపోతుంది. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక ఎక్కువగా ఉత్తరానికే నడుస్తుంది. విశాఖ ఔటర్ హార్బర్ అడ్డుకట్టలు దాన్ని పట్టేసుకోవడం వల్ల ఉత్తరాన ఉన్న బీచ్ కోతకు గురవుతోంది. డ్రెడ్జర్లతో (అడుగు నుంచి ఇసుక తోడే ఓడలతో) ఇసుక తోడి అక్కడ పోస్తూ ఉండాల్సి వస్తోంది. గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఒడ్డెక్కే ఆలివ్ రిడ్లీ తాబేలుకు కావలసిందీ ఆ ఇసుకే. రాళ్ల గుట్ట ఎదురైతే అది వెనక్కి తిరిగి నీళ్లలోకి వెళ్లిపోతుంది.