బంగారు పీట మీద ముఖ్య అతిథి

మన పిల్లలకి ప్రపంచ జ్ఞానం తక్కువని ఇకమీదట ఎవరన్నా నేను ఊరుకోను. మా కాలనీ పక్కనే ఒక ఇంటర్నేషనల్ స్కూలుంది. మొన్న అక్కడ 'ప్రపంచ దేశాల దినం' జరిపారు. ఆరో తరగతి బి సెక్షన్ వాటాకి ఘనా వచ్చింది. ఆ దేశపు భూగోళం, జనం, చరిత్ర, అన్నీ ఒక్క పూటలో చెప్పేశారు. మధ్యలో సమోసాలకి టైం కూడా మిగిలింది.

చార్టు చూశాను. సింహం ఉంది, జిరాఫీ ఉంది, గుండ్రటి పూరిగుడిసె ఉంది. వెనకాల మంచు కప్పుకున్న కిలిమంజారో ఉంది. ఆ కొండ టాంజానియాలో, ఘనా రాజధాని అక్రాకి నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉందన్న చిన్న ఇబ్బంది తప్పిస్తే బొమ్మ బాగా కుదిరింది. పశ్చిమాఫ్రికాలో అడవి జిరాఫీలు మిగిలింది దాదాపు నైజర్ దేశంలోనే కాబట్టి, చార్టులోది విజిట్ వీసా మీద వచ్చి ఉంటుంది. ఇవన్నీ ఎక్కడ దొరికాయమ్మా అని ఒక తల్లిని అడిగాను. "స్టేషనరీ షాపులో ఆఫ్రికా సెట్ అని ఇస్తారండీ, ఏ దేశం వచ్చినా అదే" అంది. ఎంత పొదుపు! 54 దేశాలకి ఒకే స్టిక్కర్ షీటు. ఈ మాత్రం దానికి జాగ్రఫీ టీచర్‌కి జీతం దండగ కాదా?

1965 నాటికి అకోసొంబో దగ్గర వోల్టా నదికి ఆనకట్ట కట్టి, సుమారు 8,500 చదరపు కిలోమీటర్ల జలాశయాన్ని నింపిన దేశం అది. చార్టులో నీటిచుక్క లేదు. సున్నా డిగ్రీల రేఖాంశం అక్కడి తేమా నగరం మీదుగా పోతుంది. గ్రీనిచ్ రేఖ మీద ఏటా రెండు మార్కుల ప్రశ్న ఇచ్చే స్కూలుకి ఈ సంగతి అక్కర్లేదు. స్టాల్ దగ్గర చాక్లెట్లు మాత్రం పంచారు. కోకో పండించడంలో ఐవరీ కోస్ట్ తర్వాత ఎక్కువగా వినపడే పేరు ఘనాదేనని ఆ రేపర్లు విప్పుతున్న ఒక్క పిల్లాడికీ ఎవరూ చెప్పలేదు.

'ప్రజలు' అన్న శీర్షిక కింద ఒకే మాట: గిరిజనులు. అసాంతేలు, ఫాంతీలు, ఎవేలు, గా జనం, దగోంబాలు, అందరూ కలిసి ఐదక్షరాల్లో సర్దుకున్నారు. తర్వాత డాన్సు. పిల్లల మొహాలకి కాటుక పూసి, నడుముకి ఆకులు కట్టి, చేతికి అట్టముక్క బల్లేలిచ్చి 'హుర్ర హుర్ర' అనిపించారు. సన్నటి పట్టీలుగా నేసి, వాటిని కలిపి కుట్టే కెంటె బట్ట ఘనా వాళ్లది. ఆ రంగులు చూస్తే పోచంపల్లి నేతగాళ్లు కూడా ఓసారి ఆగి చూస్తారు. మనవాళ్లేమో వాళ్లకి మామిడాకులు కట్టారు. టోలిచౌకిలో ఆఫ్రికా విద్యార్థులు ఎంతోమంది ఉంటారు, ఒకరిని పిలిచి రెండు మాటలు చెప్పించొచ్చు కదా అన్నాను. "అమ్మో, పేరెంట్స్ ఒప్పుకోరండీ" అన్నారు. కాటుక పూస్తే మాత్రం ఒప్పుకున్నారు.

ఇక అసలు ఘట్టం. ఎవరో తల్లి పాపం రాత్రంతా కూర్చుని ఇంటర్నెట్ వెతికి అసాంతేల బంగారు పీట సంగతి పట్టుకొచ్చింది. అప్పటిదాకా నేను చూసినవాటిలో నిజంగా ఘనాది అదొక్కటే. ఫంక్షన్ హాల్ నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీకి గోల్డ్ పేపర్ చుట్టి, వేదిక మధ్యలో వేశారు. అంతలో ముఖ్య అతిథి వచ్చాడు, ఆయన స్థానిక నాయకుడు. వేదిక మీద మెరుస్తున్న కుర్చీ ఏదైనా తనదేనని ఆయనకి పుట్టుకతోనే తెలుసు. వెళ్లి కూర్చున్నాడు. చప్పట్లు. శాలువా. కుర్చీ కాస్త కుంగితే వెనక నుంచి ఇద్దరు టీచర్లు పట్టుకున్నారు. ఫోటో వాట్సాప్‌లో కూడా వచ్చింది.

ఆ పీట మీద ఎవరూ కూర్చోరు. రాజు కూడా. అసాంతే రాజ్యాన్ని స్థాపించిన ఓసీ టుటూ కాలంలో అది ఆకాశం నుంచి దిగిందనీ, తమ జాతి ప్రాణమంతా అందులోనే ఉందనీ అసాంతేల నమ్మకం. అందుకే దానికే వేరే ఆసనం వేస్తారు. 1900లో బ్రిటిష్ గవర్నర్ హాడ్జ్‌సన్ అసాంతేల రాజధాని కుమాసి వెళ్లి, ఆ పీట తెచ్చి నాకు వేయరేం అని అడిగాడు. వాళ్ల రాజు ప్రెంపేని 1896లోనే పట్టుకుపోయారు కాబట్టి ఇక అడ్డెవరనుకున్నాడు. ఎజిసు అనే చోటి రాజమాత యా అసాంతేవా యుద్ధానికి లేచింది. గవర్నరు కుమాసి కోటలో చిక్కుకుపోయి, చివరికి ఎలాగో తప్పించుకుని బయటపడ్డాడు. ఆమెని తర్వాత పట్టుకుని సీషెల్స్ దీవులకి పంపారు, 1921లో అక్కడే చనిపోయింది. తెల్లవాళ్లు యుద్ధం గెలిచినా పీట మాత్రం వాళ్ల చేతికి చిక్కలేదు. హాడ్జ్‌సన్‌కి దక్కనిది మా నాయకుడికి రెండు నిమిషాల్లో దక్కింది. పైగా ముట్టడీ లేదు, ఏమీ లేదు. ఉపన్యాసం ఇచ్చి, సమోసా తిని వెళ్లాడు. ఉపన్యాసంలో రెండుసార్లు 'గయానా' అన్నాడు, అది దక్షిణ అమెరికాలో ఉంది.

ఇంతవరకూ నవ్వుకున్నాను. 'చూడదగిన ప్రదేశాలు' అన్న చోటికి వచ్చాక నవ్వు రాలేదు. ఎల్మినా కోట, కేప్ కోస్ట్ కోట. పక్కన కొబ్బరిచెట్టు, నల్లకళ్లద్దాల స్టిక్కరు, 'సూపర్ బీచ్!' ఎల్మినాని పోర్చుగీసు వాళ్లు 1482లో కట్టడం మొదలుపెట్టారు. బానిసలుగా అమ్మడానికి ఆ నేలమాళిగల్లో మనుషుల్ని గొలుసులేసి కుక్కారు. ఓడ వచ్చేదాకా ఉచ్చా దొడ్డీ అక్కడే, చావూ అక్కడే. కేప్ కోస్ట్‌లో మగవాళ్లని బంధించిన చెర మీదే ప్రార్థనా మందిరం ఉండేది. కింద మూలుగులు, పైన కీర్తనలు. సముద్రంలోకి తెరుచుకునే తలుపు దాటినవాళ్లకి వెనక్కి దారి లేదు. దాని పక్కన కళ్లద్దాలు అంటిస్తారా? అంటించిన పిల్లకి పదకొండేళ్లు, దాన్ని ఏమీ అనను. చూసి 'నైస్' అని సంతకం పెట్టిన టీచర్ని అంటాను. ఆ సంతకానికి లక్షల్లో ఫీజు గుంజే యాజమాన్యాన్ని అంటాను. రెండు వందల ఏళ్లు ఒకడి కింద బతికిన దేశం మనది. చెర అంటే ఏమిటో పిల్లలకి చెప్పడానికి మనకేం రోగం?

ఈ మాటే ఆఫీసు గదిలో అడిగితే ఒకాయన ఓపిగ్గా వివరించాడు. ఇలాంటివి చెబితే పిల్లలు టెన్షన్ పడతారట. ఆయన వెనక గోడ మీద ఆరో తరగతి ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్ టైంటేబుల్ ఉంది, పొద్దున ఆరింటి నుంచి.