ప్రకృతి గోడెక్కింది, పురుగుతో సహా

వెదురు బద్దలూ గాజు ఆకులూ కూర్చిన 'ప్రకృతి' కళాఖండాన్ని హాలు గోడకు తగిలించుకున్నవాళ్లు ఒక అన్యాయమైన ఫిర్యాదు చేస్తుంటారు. ఫ్రేము కింద సోఫా మీద రోజూ లేతపసుపు పిండి రాలుతోందట. ప్రకృతే కావాలని కొన్నారు, ప్రకృతే వచ్చింది. ఇంక గొడవెందుకు?

ఆ పిండి రాల్చేది పుచ్చుపురుగు. వెదురు చెట్టు కాదు, గడ్డిజాతి. దాని కండలో పిండిపదార్థం దండిగా ఉంటుంది, పురుగు వచ్చేది దానికోసమే. లేత బొంగు కొట్టి వారం తిరక్కుండా ఫ్రేము కట్టారంటే దాన్ని విందుకు పిలిచినట్టే. పిలవడం ఇష్టంలేని పిసినారులు మూడేళ్లు దాటిన బొంగు ఏరుకుంటారు. బద్దలు చీల్చి, పది లీటర్ల నీళ్లలో 300 గ్రాముల బోరాక్స్, 200 గ్రాముల బోరిక్ యాసిడ్ కలిపి వారంపాటు నానేస్తారు. తీశాక నీడనే ఆరబెడతారు, ఎండకు గబగబా ఆరితే పగులుతుందని. ఇంత చాకిరీ ఎందుకని పైన వార్నిష్ పూసి ఊరుకునే ఉదారులూ ఉన్నారు. లోపల అప్పటికే గుడ్డుగా ఉన్న పురుగుకు ఆ పూత ఇంటికి రంగు వేయించినట్టు ఉంటుంది.

ఇక వెదురుకూ గాజుకూ కాపురం. గాలిలో తేమ పెరిగితే వెదురు అడ్డంగా ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. గాజు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది. ఇద్దర్నీ రాయిలా గట్టిపడే ఎపాక్సీ జిగురుతో బిగించి కదలొద్దంటే అతుకైనా ఊడుతుంది, గాజైనా చిట్లుతుంది. గాడిలో చుట్టూ రెండు మిల్లీమీటర్ల సందు వదిలి, సాగే సిలికాన్ జిగురు చుక్కలతో నిలిపితే ఎవరి మానాన వాళ్లుంటారు. ఆ సిలికాన్ కూడా న్యూట్రల్ రకమే వాడాలి. వెనిగర్ వాసన కొట్టేదైతే వెనక ఇనుప తీగకు తుప్పు పట్టిస్తుంది. వెదురు పైతోలు మీద మైనం, సిలికా ఉంటాయి కాబట్టి గరుకు కాగితంతో రుద్దందే జిగురు పట్టదు. నిగనిగ పోతుందని రుద్దకుండా అంటించిన ఆకులు శిశిరం దాకా ఆగవు. రుతుధర్మం ఇంకాస్త ముందే పాటించాయని సరిపెట్టుకోవాలి.

ఆ గాజు ఆకులు చేసేది కొలిమిలో. రెండు రంగుల ముక్కలు పేర్చి 800 డిగ్రీల దాకా కాస్తే ఒకటవుతాయి, వేడికి రెండూ ఒకే మేర వ్యాకోచిస్తేనే సుమా. చల్లార్చేటప్పుడు 500 డిగ్రీల చుట్టుపక్కల కాసేపు నిలిపి, ఆపైన మెల్లగా దించాలి. ఓపిక పట్టలేక మూత తీసినా ఆకు అప్పటికి చక్కగానే కనిపిస్తుంది. నాలుగు రోజులు పోయాక, ఎవరూ ముట్టుకోకుండానే, అర్ధరాత్రి టక్కుమని రెండవుతుంది. ఇంట్లోవాళ్లు దయ్యం అనుకుంటారు.

తగిలించడం తేలికే, బరువు గుర్తుంటే. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవున్న 4 మిల్లీమీటర్ల గాజు ఒక్కటే ఐదున్నర కిలోలు దాటుతుంది. క్యాలెండరు మేకు చాలదు. గచ్చు దాటి ఇటుకలోకి దిగేలా స్క్రూ పట్టే ప్లాస్టిక్ ప్లగ్గులు వేసి, రెండు స్క్రూలు బిగించాలి. చెమ్మ చేరకుండా కింది మూలల్లో రబ్బరు బొడిపెలు పెడితే వెనక వేలెడు సందు ఏర్పడుతుంది. గాలి ఆడడానికని మీరు వదిలిన ఆ సందులో ఇప్పటికే ఒక బల్లి కాపురం పెట్టింది. పుచ్చులోంచి బయటికొచ్చే పురుగుల కోసం అక్కడే కాచుక్కూర్చుంది.