జోజప్ప పండక్కి సంగటి పెడితే తప్పేంది?

మొన్న మార్చి 19న, జోజప్ప పండగ పూట, మా ఇంట్లో సంగటి, పితికిపప్పు (నానేసి తోలు తీసిన అనపగింజల) పులుసు. అంతే. దానికి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు పంచాయితీ. "పునీతుడి పండగ పూట కూడా సంగటేనా? సులువైన వంటతో సరిపెట్టినావే, కిలో చికెన్ తేలేకపోయినావా?" అని మా పెద్దమ్మ కొడుకు. పండ్లికిలించే బొమ్మలు పెట్టినోళ్ళు ఏడుగురు. లెక్కపెట్టినా.

సరే అన్నా, అడిగినావు కాబట్టి చెప్తా.

జోజప్ప అంటే యేసును పెంచిన తండ్రి, వడ్రంగి. మన వేలూరు చుట్టాలు సూసైయప్పర్ అంటారే, ఆయనే. బిడ్డ పుట్టినాక దేవాలయంలో ఇచ్చే కానుకకు గొర్రెపిల్లను తేలేనోళ్ళు గువ్వల జతో, రెండు పావురపు పిల్లలో ఇస్తే చాలని మోషే ధర్మశాస్త్రం. బాలయేసును దేవాలయానికి ఎత్తుకుపోయినప్పుడు జోజప్ప, మరియమ్మల కానుక ఏందో లూకా రెండో అధ్యాయం తీసి చూడు. ఆ పేదోళ్ళ కానుకే. గొర్రెపిల్ల కొనలేనాయన పేరు చెప్పి మనం పొట్టేలు కోస్తాం, దానికి ఇంటింటికీ చందా! పోయినేడు ఆ చందా కోసం మా వీధిలో కూలికి పోయే ఒకామె వడ్డీకి తెచ్చింది. కూలోళ్ళ పునీతుడని 1955లో పన్నెండో పయస్ పోపు మే 1ని కూడా ఈయనకే ఇచ్చినాడు మళ్ళీ.

తపస్కాలం (ఈస్టర్ ముందు ఉపవాసాల కాలం, శుక్రవారాలు మాంసం మానేది) మాటెత్తితే నువ్వేమంటావో తెలుసు. ఇది మహోత్సవం, అంటే తిరుసభలో పెద్ద పండగ, శుక్రవారం పడినా మాంసం తినొచ్చు అంటావు. నిజమే, తినొచ్చు. తినే తీరాలని యాడుంది?

ఇంక సులువైన వంట అన్నావే, దాని సంగతి. సంక్రాంతి పోతే పచ్చి అనపకాయలు సరిగా దొరకవు. ఎండుగింజలు ముందురోజే నానేసి, పొద్దున్నే పూజకు పోకముందు కూర్చుని ఒక్కో గింజా బొటనవేలితో నొక్కితే తోలు ఇటు, పప్పు అటు. అరకిలోకి గంటన్నర పట్టింది. ధనియాలు, కొబ్బరి, గసగసాలు, తెల్లగడ్డ నూరి, ఎర్రగడ్డ, టమోటా, రెండు వంకాయలు వేసి పులుసు. నూకలు ఉడికినాక రాగిపిండి పోసి, మూతపెట్టి, తెడ్డుతో గెలికేసరికి జబ్బలు పడిపోయినాయి. నీ బిర్యానీ ఫోన్ కొడితే వచ్చేది.

ఇటలీలో సిసిలీవాళ్ళు ఈ పండక్కి ఏం చేస్తారో తెలుసా? వాళ్ళదీ గింజల వంటే. ఎప్పుడో కరువొస్తే జోజప్పకు మొక్కుకున్నారంట, వానలొచ్చేదాకా పశువులకేసే గింజలే ప్రాణం నిలబెట్టినాయంట. మాంసం ఉండదు. సేమ్యాలాంటి దాని మీద వేయించిన రొట్టెపొడి చల్లుతారు, అది ఆయన రంపం కింద రాలే పొట్టుకు గుర్తు. మన అవ్వలకు సిసిలీ యాడుందో తెలీదు గానీ, కరువులో అనపగింజలు ఎంత విలువో బాగా తెలుసు.

ఈసారి అదేరోజు ఉగాది కూడా వచ్చింది గదా. ఎదురింటక్క పచ్చడి గిన్నె పట్టుకుని వచ్చి, వాసన చూసి అక్కడే కూర్చుంది. రెండు ముద్దలు తినింది, మూడోది కొంగు చాటున ఇంటికి పట్టుకుపోయింది.

గింజలు ఇంకో అరకిలో ఉన్నాయన్నా. ఆదివారం వదినను తీసుకుని రా. పితికేది మాత్రం నువ్వే.