మహారాజశ్రీ 6514 నంబరు పోర్టు గారికి

మహారాజశ్రీ 6514 నంబరు పోర్టు గారికి,

హైదరాబాదులో ఓ కంపెనీ సర్వర్లు కనిపెట్టుకుని ఉండే సేవకుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. సర్వర్లు కూడా క్షేమమేనని డాష్‌బోర్డు అంటోంది. మీ క్షేమ సమాచారాలు మాత్రం తెలియవు, ఎందుకంటే మీరు నోరు విప్పరు. ఈ ఉత్తరం దాని గురించే.

ముందు మీ వంశం సంగతి. మా టీములో కొత్తగా చేరిన పిల్లలకు తెలీదు, వాళ్ల కోసం నాలుగు ముక్కలు. పోర్టు అంటే కంప్యూటర్లోకి సమాచారం వచ్చిపోయే, నంబరు వేసిన గుమ్మం. 1980ల్లో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ అనే మెయిలు సాఫ్ట్‌వేర్ పనిలో భాగంగా సిస్‌లాగ్ రాశాడు. సర్వర్లో ఏం జరిగినా ఒక వాక్యం రాసి పంపే ఏర్పాటు అది. ఫలానా వాడు లాగిన్ అయ్యాడు, ఫలానా డిస్కు నిండింది, ఇలా. ఈ వాక్యాలనే లాగులంటాం. మోసుకెళ్లే పని మీ అన్నగారు యూడీపీ 514ది. ఆయనది పోస్టుకార్డు పద్ధతి. డబ్బాలో వేశాడా, మర్చిపోయాడా, అంతే. చేరిందా అని అడగడు. దారిలో ఎవరైనా చదివేశారేమోనన్న బెంగా లేదు. మా ఊళ్లో పోస్టుమ్యాన్ కార్డు చేతికిచ్చే ముందే విషయం చెప్పేసేవాడు. అన్నగారి కొలువులోనూ అదే మర్యాద.

కార్డులు మధ్యలో పోతున్నాయని కొందరు, చేరినట్టు రసీదు తీసుకునే టీసీపీ పద్ధతికి మారి, టీసీపీ 514లో కాపురం పెట్టారు. ఆ ఇంటి పట్టా సిస్‌లాగ్ పేరున లేదు, దూరం నుంచి వేరే యంత్రానికి ఆజ్ఞలిచ్చే ఆర్‌ఎస్‌హెచ్ అనే పాతకాపు పేరున ఉంది. హైదరాబాదు వాణ్ని, కబ్జా అంటే నాకు కొత్త కాదు కనుక ఏమీ అనలేదు. చివరికి 2009లో ఆర్‌ఎఫ్‌సీ 5425 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం వచ్చి మీకు సొంత నంబరు రాసిచ్చింది. క్లియర్ టైటిల్, చుట్టూ టీఎల్‌ఎస్ ప్రహరీ (దారిలో ఎవరూ చదవలేకుండా ఉత్తరాన్ని గజిబిజి చేసే ఏర్పాటు), గేటు దగ్గర సర్టిఫికెట్ చూపిస్తే గాని లోపలికి రానివ్వని వైభవం! బ్రోచరు చూసి మురిసిపోయిన వాళ్లలో నేనూ ఒకణ్ని.

మీతో మాకు చుట్టరికం కలిపింది ఆడిటరు గారు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు దాచాలి, సంఘటన జరిగితే 6 గంటల్లో తెలియజేయాలి. (ఇదే మాట నేను ఫోన్లో అంటుంటే వంటింట్లోంచి మా అమ్మ, "ఉతికి దాచండి నాయనా" అంది.) దాచడం సరే, అవి దాచే చోటికి సురక్షితంగా చేరుతున్నాయా అన్నది ఆడిటరు గారి జాబితాలో పదిహేడో ప్రశ్న. నేను ఒక శనివారం రాత్రి కూర్చుని లాగులు పంపే ఆర్‌సిస్‌లాగ్ అనే సాఫ్ట్‌వేర్ కాన్ఫిగరేషన్లో 514 కొట్టేసి 6514 రాశాను. సర్టిఫికెట్లు తయారుచేసి ఫోల్డర్లో పెట్టాను. ఫైర్‌వాల్ వాళ్లను టీసీపీ అడిగితే యూడీపీ తెరిచారు, మళ్లీ బతిమాలి సరిచేయించుకున్నాను. తెల్లారేసరికి లాగులు గలగలా పారుతున్నాయి. ఇంత సులువుగా అయిపోయిందేమిటని ఒక్క క్షణం అనుమానం వచ్చిన మాట నిజం. కానీ శనివారం రాత్రి పని సులువుగా అయితే అనుమానించే మనిషి ఎవరండీ?

ఆరు నెలలు. జాబితాలో పదిహేడో ప్రశ్న పక్కన ఆకుపచ్చ టిక్కు. మా మేనేజరు గారు మీ నంబరు స్లైడు మీద వేసి, దాని పక్కన తాళం బొమ్మ కూడా పెట్టారు.

ఆడిటరు గారు రెండోసారి వచ్చినప్పుడు, "ఒకసారి చూపిస్తారా?" అన్నారు. నేను దర్జాగా, దారిన పోయే సమాచారాన్ని ఉన్నదున్నట్టు చూపించే టీసీపీడంప్ పెట్టి, స్క్రీను ఆయన వైపు తిప్పి, "చూడండి సార్, అంతా గజిబిజి, ఒక్క అక్షరం అర్థం కాదు" అనబోయాను. ప్రతి అక్షరం అర్థమైంది. రూట్ పాస్‌వర్డ్ ఎవరు ఎన్నిసార్లు తప్పు కొట్టారో, ఏ ఐపీ నుంచి కొట్టారో, అన్నీ శుభలేఖలో అచ్చు వేసినట్టు ఉన్నాయి. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదువుతుంటే నాకు ఆ పోస్టుమ్యాన్ గుర్తొచ్చాడు.

తప్పు నాదే. స్ట్రీమ్ డ్రైవర్ మోడ్ అని ఒక అంకె ఉంటుంది. 1 అంటే టీఎల్‌ఎస్, 0 అంటే మామూలు టీసీపీ. డ్రైవర్ పేరు రాశాను, సర్టిఫికెట్ల దారి రాశాను, ఆ అంకె దగ్గర 0 ఉంచాను, అటూ ఇటూ కూడా. రెండు వైపులా సున్నాయే కాబట్టి ఇద్దరూ హాయిగా మాట్లాడుకున్నారు. అది సరేనండీ, మీ సంగతేమిటి? మీ గుమ్మంలోనే ఆరు నెలలు విప్పిన ఉత్తరాలు చేతులు మారుతుంటే ఒక్కసారైనా దగ్గొచ్చు కదా! గేటుకు "కుక్క ఉన్నది జాగ్రత్త" అని బోర్డు ఉంది, కుక్క మాత్రం లేదు. ఆ బోర్డుకే మేము ఆరు నెలలు అన్నం పెట్టాం.

అంకె 1 చేశాను. అప్పుడు మీ అసలు స్వభావం బయటపడింది. ఎదుటివాడి పేరుకు అనుమతి లేదు, వాడితో మాట్లాడను అని మొండికేశారు. సర్టిఫికెట్ మీద సర్వరు పేరుంది, నేను పిలుస్తున్నది ఐపీతో. పెళ్లిలో మర్యాద తగ్గిందని మా పెద్దమ్మ అలిగినప్పుడు కూడా ఇంతే. మనిషి ఎదురుగానే ఉంటుంది, పలకదు. పేరు సరిచేస్తే సర్టిఫికెట్ మీద సంతకం చేసిన పెద్ద ఎవరో తెలియదన్నారు. పెద్దను చూపిస్తే గడియారం తేడా అన్నారు. ఒక పాత యంత్రంలో బ్యాటరీ చచ్చి తేదీ 1970కి పోయింది. దాని లెక్కలో మా సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు. ఇంకో మూల ఉన్న నెట్‌వర్క్ స్విచ్చికి పాతబడిన టీఎల్‌ఎస్ 1.0 తప్ప మరో భాష రాదు. దాన్ని తిరిగి మీ అన్నగారికే అప్పగించాను.

ఇవన్నీ పడ్డాక కూడా మీ రసీదు మీద నాకు నమ్మకం కుదరలేదు. టీసీపీ ఇచ్చే రసీదు అవతలి యంత్రం కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ, పెట్టే సంతకం. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రిజిస్టరు పోస్టు తీసుకుని సంతకం పెట్టినట్టు. ఉత్తరం మూడో అంతస్తుకు చేరిందో, వాచ్‌మన్ కుర్చీ కింద ఉందో ఆ సంతకం చెప్పదు. సరిగ్గా ఆ క్షణాన లైను తెగితే కొన్ని వాక్యాలు పోతాయి, పంపినవాడు చేరాయనే అనుకుంటాడు. ఆర్‌సిస్‌లాగ్ కర్త రైనర్ గెర్హార్డ్స్ ఈ లొసుగు చూసే కదా, ఇంటాయన స్వయంగా సంతకం పెట్టేలా రెల్ప్ అని వేరే పద్ధతి తయారుచేశాడు.

ఇంకో ముచ్చట. మొన్న లాగులు దాచే సర్వరు డిస్కు నిండింది. అది తీసుకోవడం ఆపేసింది, నేను క్యూ సరిగ్గా పెట్టలేదు, ఇవతల వాక్యాలు పేరుకుపోయాయి. చివరికి ఎవరైనా లాగిన్ అవబోతే "ఫలానా వాడు లాగిన్ అయ్యాడు" అని రాసుకోవడానికి చోటు లేక లాగిన్ ప్రక్రియే నిలబడిపోయింది. రిజిస్టరులో కాగితాలు అయిపోయాయని పెళ్లివారిని గేటు బయట నిలబెట్టడం అంటే ఇదే. అన్నగారి హయాంలో ఇలాంటిది జరగలేదు. కార్డు పోతే పోయేది, ఇల్లు నడిచేది.

అన్నిటికంటే రహస్యం చివరికి దాచాను. ఆ పేర్ల గొడవ తెమలక, తెల్లవారుజామున రెండున్నరకు, ధ్రువీకరణ పద్ధతి దగ్గర "అనాన్" అని రాశాను. అంటే తాళం ఉంటుంది, తెరిచేది ఎవరో అడగం. తాత్కాలికంగానే. పక్కన "తర్వాత మార్చాలి" అని కామెంటు కూడా పెట్టాను. ఈసారి టీసీపీడంప్‌లో నిజంగానే గజిబిజి కనిపించింది. ఆడిటరు గారు ఎంతో సంతోషించి టిక్కు పెట్టారు. ఆ కామెంటు పెట్టి పదకొండు నెలలు.

తమరు ఎప్పటిలాగే ఎవరితోనూ అనరని తలుస్తూ,

ఇట్లు,
తమ విధేయుడు,
సర్వరు గది నుంచి.

తా.క.: సర్టిఫికెట్ గడువు గుర్తుచేసే మెయిలు ఎవరికి వెళ్తుందో ఇప్పుడే చూశాను. ఆ అబ్బాయి సంక్రాంతికి ఊరెళ్లి అటునుంచి అటే ఉద్యోగం మానేశాడు. గడువు దసరా సెలవుల్లో పడింది.