పేషెంట్‌కి మీరేమవుతారు?

ఆపరేషన్ థియేటర్ బయట ఫారం చేతికిస్తూ నర్సు అడిగే మొదటి ప్రశ్న ఇదే. భర్త అంటే సరిపోతుంది. బావమరిది అన్నా చాలు, రుజువులు ఎవరూ అడగరు. పదేళ్లుగా ఒకే పొయ్యి మీద వండుకు తింటున్న ఇద్దరు మగవాళ్లలో ఒకరు అక్కడ నిలబడితే మాత్రం నోట మాట రాదు. ‘ఫ్రెండ్’ అని రాసి, ఊళ్లో ఉన్న అన్నకు ఫోన్ చేయాలి. గడప తొక్కొద్దని తరిమేసిన అన్నే అయినా సరే, ఆసుపత్రికి ఆయన సంతకమే సంతకం.

స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన ఐపీసీ 377 సెక్షన్ కోరలను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న పీకేసింది. ఐపీసీ స్థానంలో 2024 జూలైలో అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. (మగవాళ్లపై జరిగే అత్యాచారానికి శిక్ష కూడా దాంతోపాటే కొట్టుకుపోయింది, అది వేరే తప్పిదం.) పెళ్లి సంగతి వచ్చేసరికి, అది చట్టసభ తేల్చాల్సిన విషయమని 2023 అక్టోబర్ 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. పార్లమెంటు ఇప్పట్లో దాన్ని తలకెత్తుకునేలా లేదు. అందాకా ఈ జంటలు కాగితాల మీద ఒకరికొకరు పరాయివాళ్లుగానే ఉండాలా అన్నదే మా ప్రశ్న.

కిడ్నీ సంగతే చూడండి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం భార్య, భర్త, తోబుట్టువులు దగ్గరి బంధువులు. ఆ జాబితాలో లేనివాళ్లు ఇస్తామంటే అనుమతి కమిటీ ముందు కూర్చోవాలి. డబ్బు కోసం కాదు, ఆప్యాయతతోనే ఇస్తున్నామని ఒప్పించాలి. అవయవాల వ్యాపారాన్ని ఆపడానికి ఆ జాగ్రత్త అవసరమే. కానీ బయటికి చెబితే అద్దె ఇల్లు కూడా పోతుందని ఇన్నాళ్లూ దాచుకున్న బంధాన్ని, ప్రాణం మీదికొచ్చిన రోజున అధికారుల ముందు ఎలా విప్పి చెబుతారు?

కేంద్రం కొంత కదిలింది. ఇలాంటి (క్వీర్) జంటలు బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. రేషన్ కార్డుకు వీళ్లను ఒకే కుటుంబంగా చూడాలని, దగ్గరి బంధువులెవరూ లేనప్పుడు భాగస్వామికే మృతదేహం అప్పగించాలని రాష్ట్రాలకు సూచనలు వెళ్లాయి. బతికుండగా సంతకం పెట్టలేని మనిషికి శవాన్ని అప్పగించడమే పెద్ద సంస్కరణ అయింది! ఆ సూచనల మీద రెండు తెలుగు ప్రభుత్వాలూ ఏం చేశాయో జనానికి చెప్పాలి. ఆసుపత్రి ఫారంలో ‘రోగి ఎంచుకున్న వ్యక్తి’ అన్న గడి చేర్చడానికి పార్లమెంటు అక్కర్లేదు, వైద్యారోగ్య శాఖ ఉత్తర్వు చాలు.

ఇక ఇళ్ల సంగతి. కొడుకు ధైర్యం చేసి చెబితే మనవాళ్లు చేసే మొదటి పని సంబంధాలు చూడటం. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయంటారు. సర్దుకోవు, ఏమీ తెలియని ఆడపిల్ల బతుకు దానికి బలవుతుంది. ఈ పాపంలో పత్రికలకూ వాటా ఉంది. ఇద్దరమ్మాయిలు కలిసి ఇల్లు వదిలితే ‘వింత ప్రేమ’ అని శీర్షిక పెట్టి, పేర్లూ ఊళ్లూ అచ్చేసిన అలవాటు మనది.

విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు యువతుల్లో ఒకరిని తండ్రి నర్సీపట్నం తీసుకెళ్లి ఇంట్లో ఉంచేస్తే, రెండో అమ్మాయి హైకోర్టు తలుపు తట్టింది. మేజరైన ఆ యువతి తనకు నచ్చిన మనిషితో ఉండొచ్చని 2024 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. తల్లిదండ్రుల మీద కేసులొద్దని ఆ అమ్మాయే కోరింది. అలాంటి జంట రేపు రేషన్ కార్డుకు దరఖాస్తు పెడితే, ‘కుటుంబ పెద్దతో బంధుత్వం’ అన్న గడిలో ఏం నింపాలో సచివాలయం కౌంటర్లో కూర్చున్న ఉద్యోగికి ఎవరైనా చెప్పారా?