సేవాసంస్థ నెత్తిన సర్కారు బరువు

ఎండలు ముదిరేకొద్దీ రక్తనిధుల్లో నిల్వలు అడుగంటుతాయి. పరీక్షలు ముగిసి కళాశాలలు మూతపడతాయి, విద్యార్థులు ఊళ్లకు వెళ్లిపోతారు, శిబిరాలు పెట్టేవారికీ ఉత్సాహం సన్నగిల్లుతుంది. ఏటా ఇదే తంతు. ముందే తెలిసిన ఈ కొరతను అధికార యంత్రాంగం మాత్రం ప్రతి వేసవిలోనూ కొత్తగా చూసినట్టే చూస్తుంది. పోనీ, జనవరిలో సేకరించి మే నెలకు దాచుకుందామంటే కుదరదు. ఎర్ర రక్తకణాల సంచిని ఎంత చల్లగా భద్రపరచినా ఆరు వారాలకు మించి నిలవదు. ప్రమాదంలో గాయపడినవారికి, కాన్పు కష్టమైన తల్లికి రక్తం ఎప్పుడు అవసరమవుతుందో ఎవరూ చెప్పలేరు. ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని, పుట్టుకతో వచ్చే జబ్బు తలసేమియా. ఆ పిల్లల సంగతి అలా కాదు. వారికి ఏ తేదీన, ఏ గ్రూపు రక్తం, ఎన్ని సంచులు కావాలో నెల ముందే తెలుసు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి, బతికినంతకాలం కావాలి. ఇంత కచ్చితంగా తెలిసిన అవసరాన్ని కూడా తీర్చలేని వ్యవస్థను చూసి, ఆ పనిని తామే నెత్తికెత్తుకున్న కొందరు మన మధ్యే ఉన్నారు.

హైదరాబాద్ శివార్లలో, శివరాంపల్లిలో ఉన్న తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ అలా పుట్టిందే. ఈ జబ్బుతో పిల్లలున్న తల్లిదండ్రులు, కొందరు వైద్యులు, దాతలు కలిసి 1998లో దానిని మొదలుపెట్టారు. నేడు అక్కడ పేరు నమోదు చేసుకున్నవారు మూడు వేలకు పైమాటే. సొంత రక్తనిధి ఉంది, పరీక్షశాల ఉంది, పగటిపూట రక్తం ఎక్కించే వార్డు ఉంది. రక్తం ఎక్కించినందుకు పైసా తీసుకోరు.

ఆ వార్డులో జరిగే పని పైకి చాలా మామూలుగా కనిపిస్తుంది. దూరపు జిల్లాల నుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన తల్లి ముందుగా బిడ్డ రక్తపు నమూనా ఇస్తుంది. హిమోగ్లోబిన్ ఎంతకు పడిపోయిందో చూస్తారు. దాత రక్తం బిడ్డ రక్తంతో సరిపడుతుందో లేదో చూసే క్రాస్ మ్యాచింగ్ అయ్యేదాకా ఎదురుచూపు. ఆ తరువాత సంచి వేలాడదీసి, తెల్ల కణాలను వడకట్టే ఫిల్టర్ బిగించి, మూడు నాలుగు గంటలపాటు చుక్కచుక్కగా ఎక్కిస్తారు. సూది గుచ్చించుకోవడంలో ఆరితేరిన పిల్లలు ఏ చేతి నరం దొరుకుతుందో నర్సుకు తామే చూపిస్తారు. చికిత్స సరిగా అందుతున్న బిడ్డకూ, ఆలస్యంగా వచ్చిన బిడ్డకూ తేడా ముఖంలోనే తెలిసిపోతుంది. రక్తం చాలక ఎముకల్లోని మజ్జ ఉబ్బి దవడలు, నుదురు ముందుకు పొడుచుకొస్తాయి. ప్లీహం పెరిగి పొట్ట ఎత్తుగా కనిపిస్తుంది. రక్తహీనతేనని ఊళ్లో నెలల తరబడి ఐరన్ టానిక్ తాగించిన తరువాత గానీ ఇక్కడికి చేరని పిల్లలూ ఉంటారు. ఇనుము ఎక్కువైతే ప్రాణం మీదికొచ్చే జబ్బుకు ఇనుమే మందుగా పోయడం మన ప్రాథమిక వైద్యం ఎంత పలుచగా ఉందో చెబుతుంది.

అసలు యుద్ధం ఆ ఇనుముతోనే. ఎక్కించే ప్రతి సంచితోనూ సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లోకి చేరుతుంది. మన శరీరం తనంతట తాను రోజుకు బయటకు పంపగలిగేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. మిగిలినదంతా గుండెలో, కాలేయంలో, గ్రంథుల్లో పేరుకుపోతుంది. పిల్లలు ఎత్తు పెరగరు, ఈడుకు రారు, చివరికి గుండె మొరాయిస్తుంది. అందుకే ఇనుమును బయటకు లాగే మందు రోజూ వాడాలి. ఒకప్పుడు వారానికి ఐదారు రాత్రులు పొట్ట చర్మం కింద సూది గుచ్చుకుని, చిన్న పంపు కట్టుకుని పడుకోవాల్సివచ్చేది. ఇప్పుడు మాత్రలు వచ్చాయి. రక్తదానం చేసినవారి ఫొటోలు పత్రికల్లో వస్తాయి. ఈ మాత్రలు కొనిపెట్టేవారు ఎవరికీ కనిపించరు. ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ పరీక్షలు చేయించడం, గుండెకు స్కానింగ్, కాలేయానికి పరీక్షలు, మాత్ర మానేశాడని తెలిస్తే ఇంటికి ఫోను చేసి మందలించడం వంటివన్నీ చేస్తేనే తలసేమియా చికిత్స. సేవాసంస్థ పనితనం కనిపించేది ఇక్కడే.

దీనితోనూ ఆగదు. కూలి మానుకుని నెలకు రెండుసార్లు నగరానికి వచ్చే కుటుంబానికి బస్సు చార్జీ, తిండి, ఆ రోజు పోయిన కూలి కలిసి మందుల ఖర్చంత అవుతాయి. బిడ్డకు జబ్బని తెలిశాక తల్లినే నిందించి వదిలివెళ్లిన భర్తల కథలు ఏ తలసేమియా కేంద్రంలోనైనా వినిపిస్తాయి. ఈ జబ్బు రావాలంటే ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందాలన్న చిన్న సత్యాన్ని ఆ అత్తవారింటికి చెప్పి ఒప్పించడమూ వైద్యంలో భాగమే. తరగతులు పోతున్న పిల్లవాడి గురించి ఉపాధ్యాయుడితో మాట్లాడటం, వికలాంగుల ధ్రువపత్రానికి కాగితాలు సిద్ధం చేయించడం, మూలకణ మార్పిడికి తోబుట్టువుల రక్తం సరిపోతుందేమో చూడటం కూడా ఇందులోకే వస్తాయి. తోబుట్టువుల్లో ఒక్కొక్కరూ సరిపోయే అవకాశం 25 శాతమే. సరిపోతే కోల్ ఇండియా 2017లో మొదలుపెట్టిన పథకం కింద రూ.10 లక్షల వరకు సాయం దొరుకుతుంది. కానీ ఆ దరఖాస్తు ఎక్కడ, ఎలా పెట్టాలో మారుమూల పల్లె తండ్రికి చెప్పేవారు కావాలి కదా!

ఇదంతా మెచ్చుకోదగ్గదే. మెచ్చుకోవడంతోనే మన బాధ్యత తీరిపోయిందనుకోవడంపైనే మా అభ్యంతరం. సేవాసంస్థ ఎంత బాగా పనిచేస్తే ప్రభుత్వాసుపత్రి అంత తేలికగా చేతులు దులుపుకొంటోంది. తలసేమియా, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్, రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా రోగులకు బదులు రక్తం అడగకుండా, రుసుము లేకుండా ఇవ్వాలని జాతీయ రక్తమార్పిడి మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా ‘డోనర్‌ను తెచ్చుకోండి’ అన్న మాట వినాల్సివస్తోందని తల్లిదండ్రులు వాపోతూనే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ రోగులకు నెలకు రూ.10 వేల పింఛను ఇస్తున్నారు, అది మంచి పని. 2025 ఫిబ్రవరిలో ఎన్టీఆర్ ట్రస్టు తలసేమియా బాధితుల కోసం విజయవాడలో సంగీత విభావరి జరిపి నిధులు సేకరించింది, దానినీ తప్పుపట్టలేం. అయితే పాటల కచేరీ టికెట్లు ఎన్ని అమ్ముడయ్యాయన్న దానిపై పిల్లల ప్రాణాలు ఆధారపడే పరిస్థితి ఏ రాష్ట్రానికీ గౌరవం కాదు. నాలుగు జిల్లాల అవతల నుంచి పిల్లలు శివరాంపల్లికి రావాల్సివస్తోందంటే, ఆ నాలుగు జిల్లా ఆసుపత్రుల్లో రక్తం ఎక్కించే వార్డు, ఇనుము తగ్గించే మాత్రలు, వాటి గురించి తెలిసిన ఒక్క వైద్యుడు లేరనే అర్థం. కట్టడానికి అదేమీ కొత్త మెడికల్ కళాశాల కాదు. ఐదారు పడకల గది చాలు.

దాతలు ఎంతమంది ముందుకొచ్చినా వారి వల్ల కాని పని ఇంకొకటి ఉంది. అది ఈ జబ్బుతో కొత్తగా బిడ్డలు పుట్టకుండా చూడటం. మన దేశ జనాభాలో సుమారు 3 నుంచి 4 శాతం మందిలో తలసేమియా జన్యువు దాగి ఉంటుందని అంచనా. వారికి ఏ జబ్బూ ఉండదు, మహా అయితే హిమోగ్లోబిన్ కాస్త తక్కువ. అలాంటి ఇద్దరు దంపతులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. ఏటా దేశంలో 10 వేల మందికి పైగా పిల్లలు తలసేమియాతో పుడుతున్నారన్న లెక్క ఇలా వచ్చిందే. మేనరికాలు తగ్గుతున్నా తెలుగునాట ఇంకా పోలేదు. ఒకే తాత నుంచి వచ్చిన లోపం రెండు వైపుల నుంచీ బిడ్డను చేరే ప్రమాదం అక్కడ ఎక్కువ. మాది మేనరికం కాదు కదా అన్న ధీమా కూడా పనికిరాదు. దాగి ఉన్న జన్యువు చుట్టరికం చూసి రాదు.

దీనిని పసిగట్టడం రాకెట్ విద్య కాదు. పలచని ఉప్పునీటిలో చుక్క రక్తం వేసి, కాసేపాగి, గాజు గొట్టం వెనుక నల్ల గీత గీసిన కాగితం పెట్టి చూస్తారు. గీత స్పష్టంగా కనిపిస్తే భయం లేదు, మసకగా ఉంటే మరో పరీక్షకు పంపాలి. నెస్ట్రాఫ్ట్ అని పిలిచే ఈ పరీక్షకు యంత్రం అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు. అనుమానం ఉన్నవారి రక్తంలో ఒక రకం హిమోగ్లోబిన్ ఎంతుందో కొలిచి నిర్ధారించే హెచ్‌బీఏ2 పరీక్షకు యంత్రం కావాలి. జిల్లాకొకటి ఉంటే సరిపోతుంది. ఒకప్పుడు ప్రతి ఏడుగురిలో ఒకరికి ఈ జన్యువున్న సైప్రస్, పెళ్లికి ముందు పరీక్ష తప్పనిసరి చేసి తలసేమియా కాన్పులను దాదాపు లేకుండా చేసింది. పెళ్లిళ్లను అక్కడ ఎవరూ ఆపలేదు. తెలుసుకుని నిర్ణయించుకోమన్నారు, అంతే.

మన దగ్గర పెళ్లికి ముందు పరీక్ష అంటే ఆడపిల్ల తల్లిదండ్రులు వణికిపోతారు. జన్యువు ఉందని బయటపడితే సంబంధం తప్పిపోతుందని, చెల్లెలికీ సంబంధం రాదని దాచేస్తారు. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు, మన సమాజం అలాగే ఉంది మరి. కాబట్టి ముందుగా గర్భిణుల దగ్గరే మొదలుపెట్టాలన్నది మా మాట. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం కంటపడని గర్భిణి రెండు రాష్ట్రాల్లోనూ అరుదు. రక్తం గ్రూపు, హెచ్ఐవీ పరీక్షలకు ఎలాగూ రక్తం తీస్తున్నారు. అదే రక్తంతో ఈ పరీక్షా చేయవచ్చు. చిక్కంతా సమయంతోనే. భార్యకు జన్యువు ఉందని తేలితే వెంటనే భర్తను పిలిపించి పరీక్షించాలి, ఇద్దరికీ ఉంటే మూడో నెల నిండే వేళకు గర్భస్థ శిశువు పరీక్షకు పంపాలి. నివేదిక ఐదో నెలలో చేతికొస్తే ఆ కుటుంబానికి మిగిలేది వేదనే. భర్త వలస వెళ్లాడని, రానన్నాడని రిజిస్టరులో రాసి పక్కన పెట్టేయడం తేలిక. పుణెలోనో, ముంబయిలోనో పనిచేస్తున్న ఆయన అక్కడే పరీక్ష చేయించుకుని ఫలితం పంపే ఏర్పాటు చేయడమే పరిపాలన. ఆ తరువాత ఏం చేయాలన్నది దంపతుల ఇష్టం. వారిని ఎవరూ ఒత్తిడి చేయకూడదు, ఇరుగుపొరుగుకు తెలియనివ్వకూడదు.

గిరిజన ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ వ్యాధిని 2047 నాటికి నిర్మూలించాలన్న లక్ష్యంతో కేంద్రం 2023 జులైలో జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. 40 ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్షలన్నారు. ఆ లెక్కన తలసేమియాకు కూడా ఓ లక్ష్యం, ఓ గడువు, ఓ పద్దు ఉండాలని అడగడం అత్యాశ కాదు. పరికరాలు, సిబ్బంది చాలావరకు ఒక్కటే.

రక్తం దొరకడం ఒక ఎత్తు, దాని భద్రత మరో ఎత్తు. 2025 అక్టోబరులో జార్ఖండ్‌లోని చాయిబాసాలో తలసేమియా పిల్లలు కనీసం ఐదుగురికి హెచ్ఐవీ ఉన్నట్టు బయటపడింది. అధికారుల సస్పెన్షన్లు, దర్యాప్తు షరా మామూలే. ఏడాదికి 25 సంచులు ఎక్కించుకునే బిడ్డ ఏడాదికి 25 మంది అపరిచితుల రక్తాన్ని నమ్ముకుంటున్నట్టు. ఇన్‌ఫెక్షన్‌ను మరింత ముందుగా పట్టే నాట్ పరీక్ష దేశంలో ఇప్పటికీ తప్పనిసరి కాదు. ఖర్చెక్కువన్నది ప్రభుత్వాల వాదన. కనీసం పదేపదే రక్తం ఎక్కించుకునే ఈ రోగుల వరకైనా దానిని తప్పనిసరి చేయలేనంత పేదవి కావు మన ఖజానాలు.

సేవాసంస్థలు, మంచి మందులు కలిసి సాధించిన ఫలితం ఇంకొక సమస్యను ముందుకు తెచ్చింది. పదేళ్లు కూడా బతకరనుకున్న పిల్లలు ఇప్పుడు డిగ్రీలు చదివి పాతికేళ్లకు వస్తున్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం తలసేమియాను వైకల్యంగా గుర్తించింది, ఉన్నత విద్యలో రిజర్వేషన్‌కు దారి చూపింది. అదే చట్టం ప్రభుత్వోద్యోగాల్లో కేటాయించిన 4 శాతంలో మాత్రం రక్తవ్యాధులకు చోటివ్వలేదు. చదువుకు అర్హులు, కొలువుకు కాదన్నమాట! ఈ తిరకాసును పార్లమెంటే సరిచేయాలి. తెలుగు ఎంపీలు పార్టీలకతీతంగా అడగదగిన సవరణ ఇది. అప్పటిదాకా, నెలకు ఒకటి రెండు రోజులు రక్తం ఎక్కించుకోవడానికి వేతనంతో కూడిన సెలవు ఇవ్వడం రాష్ట్రాల చేతిలోని పనే. పొరుగు సేవల సిబ్బందికి కూడా వర్తించేలా రెండు ప్రభుత్వాలూ ఆ ఉత్తర్వు ఇవ్వాలి. ప్రైవేటు యాజమాన్యాలనూ ఒప్పించాలి.